మీ కథేంటి అని అడిగితే? చిన్నతనానికీ వ్యాపారానికీ నిజంగా సంబంధం ఉందా?

పప్పుచెక్కలు:
విజయవాడలో జొన్నపిండి, కొర్రపిండితో చెక్కలు, జంతికలు చేసి అమ్ముతాను. రెండేళ్ళయింది, నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. మొన్న కొత్త వ్యాపారాలకి పెట్టుబడి ఇచ్చే ఒక పోటీకి వెళ్ళాను. కిలో పిండికి ఎంత నూనె లాగుతుంది, ప్యాకెట్ మీద ఎంత మిగులుతుంది, అన్నీ చెప్పాను. ఒక జడ్జి గారు అంతా విని, "బాగుందమ్మా. ఇంతకీ మీ కథేంటి? చిన్నప్పుడు ఏం జరిగింది?" అన్నారు. నాకేం జరగలేదండి! నాన్న ఇరిగేషన్‌లో గుమాస్తా, అమ్మ టీచరు. మా నాయనమ్మకి జంతికలు వత్తడమే రాదు, పండక్కి బయట కొనుక్కొచ్చేవాళ్ళం. ఉన్నమాట చెప్తే హాలంతా నవ్వింది. ప్రైజు నాయనమ్మ రోకలి గురించి చెప్పిన కుర్రాడికి పోయింది. అతని కారప్పొడి మిక్సీలో పట్టిందే, నేను రుచి చూశాను.

కడుపుమంట అనుకోండి, ఏమైనా అనుకోండి. వ్యాపారం నిజంగా చిన్నతనంలోనే పుడుతుందా, గెలిచాక వెనక్కి వెళ్ళి అతికించుకుంటామా?

లెక్కల మాస్టారు:
అతికించుకోవడమే. ఇడ్లీ పిండి అమ్మే ఐడీ ఫ్రెష్ ముస్తఫా గారి సంగతి చూడండి. వయనాడ్‌లో కూలీ కొడుకు, ఆరో తరగతి ఫెయిల్ అని అందరూ చెప్తారు. నిజమే. కానీ 2005లో ఆ ఆలోచన పుట్టింది వాళ్ళ కజిన్ల కిరాణా కొట్లో, బెంగళూరులో. ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండు చుట్టిన పిండి చూసి, దీన్ని శుభ్రంగా అమ్మొచ్చు కదా అనుకున్నారు. అప్పటికే ఆయన ఇంజనీరు, దుబాయ్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చిన మనిషి. ఆరో తరగతికీ పిండికీ ఏం సంబంధం?

బాలానగర్ పాతకాపు:
మాస్టారితో ఏకీభవిస్తాను. అంజిరెడ్డి గారిని తాడేపల్లి పసుపు రైతు కొడుకు అని రాస్తారు. కానీ ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టడానికి ముందు పూణెలో ఎన్‌సీఎల్ అనే రసాయన పరిశోధనాలయంలో పీహెచ్‌డీ ఉంది, హైదరాబాదులో సర్కారు మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌లో ఉద్యోగం ఉంది. మందుల కంపెనీలు పెట్టినవాళ్ళు ఆ ఒక్క ఫ్యాక్టరీ నుంచి ఎంతమంది బయటికొచ్చారో! వాళ్ళందరి నాన్నలూ పసుపు పండించలేదు. కలిసి పనిచేసిన చోటు ఒకటే, అంతే. సర్కారు వారి ఫ్యాక్టరీ గురించి ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోరు కాబట్టి కథలో అది రాదు.

గల్లాపెట్టె:
మీరిద్దరూ ఐడియా గురించి మాట్లాడుతున్నారు. ఐడియా బయట దొరుకుతుంది, ఒప్పుకున్నాను. ఇంట్లో దొరికేది వేరే.

మాది తెనాలిలో కిరాణా కొట్టు. ఊళ్ళో సగం మంది ఎర్రగుడ్డ అట్ట వేసిన మా ఖాతా పుస్తకంలో ఉండేవాళ్ళు. బాకీ మూడు నెలలు దాటితే నాన్న తను వెళ్ళేవాడు కాదు, నన్ను పంపేవాడు. నాకు తొమ్మిదేళ్ళు. గేటు దగ్గర నిలబడి "నాన్న పంపాడండి" అనాలి, అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ అనకూడదు. పిల్లాడి మీద ఎవరూ అరవరు, పిల్లాడు కూడా గొడవ పడడు. ఒకసారి ఒకావిడ "ఆయన ఇంట్లో లేరు బాబూ" అంది. లోపల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. నేను సరేనండి అని వచ్చేశాను. ఆ దగ్గు సంగతి చెప్తే నాన్న నవ్వి, "రేపు బియ్యానికి వస్తాడు, మామూలుగానే ఇవ్వు. ఆ విషయం ఎత్తకు" అన్నాడు. అయిదు రోజుల్లో డబ్బు వచ్చింది.

ఇప్పుడు నాకు టైల్స్ డీలర్‌షిప్ ఉంది. కాంట్రాక్టర్ల దగ్గర లక్షలు ఇరుక్కుంటాయి. ఎవరిని గట్టిగా అడగాలో, ఎవరి దగ్గర దగ్గు వినపడనట్టు ఉండాలో నాకు ఏ ఎంబీఏ నేర్పలేదు. మా పార్ట్‌నర్ నాకంటే బాగా చదువుకున్నాడు. ఫోన్ చేసి అరుస్తాడు. వాళ్ళు నంబరు బ్లాక్ చేస్తారు.

నెల్లూరు రొయ్య:
గల్లాపెట్టె గారూ, బావుంది. కానీ ఒకే ఇంట్లో ఇద్దరు పెరిగి చెరో దారిన పోతే ఏమంటారు? మా నాయన పొలం తవ్వించి రొయ్యల గుంటలు వేశాడు. 1994 తర్వాత వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు వచ్చి మొత్తం పోయింది. తెల్లారి గుంట గట్టు మీద చచ్చిన రొయ్యల కుప్పలు, ఆ కంపు ఇప్పటికీ గుర్తుంది. అమ్మ గాజులు అమ్మేసింది. మా అన్న ఆ తర్వాత అప్పు అనే మాటకే జడుసుకున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ నేటికీ అద్దె ఇంట్లోనే ఉన్నాడు, హోమ్ లోన్ అంటే నిద్ర పట్టదు. నేనేమో గుంటలకి మేత, మందులు అమ్మే షాపు పెట్టాను. అదీ రొయ్య పట్టిందాకా అరువు ఇచ్చే వ్యాపారం! అదే ఇల్లు, అదే కంపు.

లెక్కల మాస్టారు:
అదే నేనంటున్నది. ఒకే కారణం రెండు రకాల ఫలితాలిస్తే అది కారణం కాదు.

నెల్లూరు రొయ్య:
తొందరపడకండి సార్. నేను మేత అరువు ఇచ్చే ముందు ప్రతి రైతు గుంటకీ వెళ్ళి నీళ్ళు చూస్తాను, ఒకే రైతుకి పరిమితి దాటి ఇవ్వను. అన్న భయమే నాక్కూడా ఉంది. వాడు దాంతో ఇంట్లో కూర్చున్నాడు, నేను లెక్క రాసుకుంటున్నాను.

బాలానగర్ పాతకాపు:
అసలు సంగతి ఎవరూ అనట్లేదు, డబ్బు. గల్లాపెట్టె గారికి షట్టర్ ఉంది, ఊళ్ళో పేరుంది, హోల్‌సేల్ వాళ్ళు నాన్న మొహం చూసి సరుకు ఇస్తారు. దాన్ని "స్ఫూర్తి" అనకండి, పరపతి అనండి.

గల్లాపెట్టె:
మొదటి లోడు నాన్న పేరు మీదే దిగింది. దాచేదేముంది. మరి ఏమీ లేనివాళ్ళ సంగతో? వరంగల్ జ్యోతిరెడ్డి గారు అనాథాశ్రమంలో పెరిగి, రోజుకి 5 రూపాయల కూలికి పొలం పనిచేసి, అమెరికా వెళ్ళి ఫీనిక్స్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. ఆవిడకి ఏ పరపతి ఉంది?

బాలానగర్ పాతకాపు:
ఆవిడతో పాటు పొలంలో వంగినవాళ్ళు ఇంకెంతమంది? వాళ్ళని స్టేజీ మీదకి ఎవరూ పిలవరు కదా.

పప్పుచెక్కలు:
అందరికీ థాంక్స్. మా అమ్మ జీతం రాగానే వేరు వేరు కవర్లలో పెట్టేది. పాలు, కరెంటు, ఫీజులు. ఒక కవరు ఖాళీ అయితే ఇంకో కవర్లోంచి తీసేది కాదు. నేను నూనె డబ్బు, కూలి డబ్బు వేరు ఖాతాల్లో ఉంచేది దాన్ని చూసేనేమో, ఇవాళే తట్టింది. కానీ దీనికి ప్రైజు ఎవరిస్తారు?

గల్లాపెట్టె గారూ, ఒక సందేహం. ఒక సూపర్ మార్కెట్ వాళ్ళు నాకు 45 రోజుల్లో ఇస్తామన్న బిల్లు 90 రోజులైనా ఇవ్వలేదు. మేనేజరు ఎప్పుడూ సీట్లో లేడంటారు. ఏం చెయ్యమంటారు?

గల్లాపెట్టె:
దగ్గు వినిపించిందా?

పప్పుచెక్కలు:
వినిపించిందండి.

గల్లాపెట్టె:
అయితే రేపు ఆర్డరు మామూలుగా పంపండి, సగమే. మిగతా సగం ఏదని వాళ్ళే ఫోన్ చేస్తారు.