షార్జాలో ఇంగ్లిష్ టీచర్ జాబ్‌కి బీఈడీ సరిపోతుందా, సెల్టా (ఇంగ్లిష్ టీచింగ్ సర్టిఫికెట్) కూడా చేయాలా?

అందరికీ నమస్తే అండి. మాది జగిత్యాల, ఎంఏ ఇంగ్లిష్ డిస్టెన్స్‌లో చేశాను, డిగ్రీ, బీఈడీ మాత్రం రెగ్యులర్, ఇక్కడే ప్రైవేట్ స్కూల్లో 6 ఏళ్లుగా హైస్కూల్ పిల్లలకి చెప్తున్నా. మా ఆయన షార్జాలో ఉంటారు, పాపని తీసుకుని నేనూ వెళ్లి అక్కడే జాబ్ చూసుకుందామని. సీబీఎస్ఈ స్కూళ్లలో అయితే మన బీఈడీతో తీసుకుంటారంటున్నారు గానీ అరబ్ పిల్లలు చదివే స్కూళ్లు, లాంగ్వేజ్ సెంటర్లలో బ్రిటన్, అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకే ముందు ఛాన్స్ అని విన్నా, మనవాళ్లు ఎవరైనా వాటిలో చేస్తున్నారా? సెల్టా అంటే కేంబ్రిడ్జ్ వాళ్లది కదా, 120 గంటల కోర్సు, అందులో 6 గంటలు నిజమైన స్టూడెంట్లకి పాఠం చెప్పి చూపించాలి, ఫీజు కూడా బాగా ఎక్కువ. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే టెఫెల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకి ఇంగ్లిష్ నేర్పే) సర్టిఫికెట్‌కి అక్కడ విలువ ఉంటుందా?

ఇంకోటి, సర్టిఫికెట్లకి ముందు స్టేట్‌లో, తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత యూఏఈ ఎంబసీ అటెస్టేషన్ అవ్వాలట, డిస్టెన్స్ ఎంఏకి ఈక్వివలెన్సీ (అక్కడి డిగ్రీతో సమానమని గుర్తింపు) ఇస్తారా లేక డిగ్రీ, బీఈడీ మాత్రమే పెట్టుకోనా? ఒక ఏజెంట్ అంతా నేనే చేయిస్తా అని ఒరిజినల్స్ అడిగాడు, భయమేసి ఇవ్వలేదు. అక్కడ టీచర్‌గా చేసినవాళ్లు దయచేసి చెప్పండి, పాప అడ్మిషన్ కూడా దీన్నిబట్టే చూసుకోవాలి.