చర్చ: బైల్మర్ ఫ్లాట్లు కూల్చడం న్యాయమేనా?

అమ్‌స్టల్‌వేన్ శ్రీను

అందరికీ నమస్కారం. అమ్‌స్టర్‌డామ్‌లో మనవాళ్లు చాలామంది పనిచేసేది బైల్మర్ అరేనా స్టేషన్‌కి పడమటి వైపున్న ఆఫీసుల్లో. పట్టాలకు తూర్పున ఉన్నది బైల్మర్. సురినామ్ (దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్ వలస), ఘనా, డచ్ కరీబియన్ దీవులు, ఇలా వందకు పైగా దేశాల మూలాలున్న జనం అక్కడ ఉంటారు. 1995 నుంచి అక్కడి పెద్ద పెద్ద ఫ్లాట్ల బ్లాకులు సగానికి పైగా కూల్చేసి, వాటి చోట ఎక్కువగా చిన్న ఇళ్లు కట్టారు. కూల్చబట్టే ఏరియా బాగుపడిందని మా డచ్ కొలీగ్ అంటాడు. బాగుచేసే వంకతో పేదల్ని కదిలించారని మా సురినామ్ కొలీగ్ అంటుంది. అక్కడ ఫ్లాట్ కొనే ఆలోచనలో ఉన్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

స్లాబు

శ్రీను గారూ, నేను సివిల్ ఇంజనీర్ని. నా లెక్కలో కూల్చడమే కరెక్ట్.

1966 డిసెంబరులో పని మొదలుపెట్టారు. 1968 చివర్లో మొదటి కుటుంబాలు దిగాయి. ఆర్కిటెక్ట్ జీగ్‌ఫ్రీడ్ నాసూట్ బృందం వేసిన ప్లాన్ కాగితం మీద బ్రహ్మాండంగా ఉంటుంది. పది, పదకొండు అంతస్తుల బ్లాకులు తేనెపట్టు గదుల్లా ఆరు పలకల్లో తిరుగుతాయి, మధ్యలో చెట్లూ చెరువులూ. కార్లకి ఎత్తు రోడ్లు, కింద సైకిళ్లు, నడిచేవాళ్లు.

కట్టేటప్పుడు డబ్బు మిగుల్చుకోవడానికి లిఫ్టుల దగ్గర కోత పెట్టారు. దాంతో లిఫ్టు దిగాక మన తలుపు దాకా పొడవాటి వరండాలో నడవాలి. నేల అంతస్తులో అన్నీ సామాన్ల గదులే. అంటే కింద నడిచేవాణ్ణి చూసే కిటికీ ఒక్కటీ లేదు. చీకటి పడితే ఎవరికైనా టెన్షనే. షాపులు ఆలస్యం, మెట్రో వచ్చేసరికి 1977. సిటీ సెంటర్‌లో పోలీసులు హెరాయిన్ వ్యాపారాన్ని తరిమితే అది ఇక్కడికి చేరింది. 1980ల మధ్యకి దాదాపు నాలుగో వంతు ఫ్లాట్లు ఖాళీ. అలాంటి బిల్డింగులకి ఎన్నిసార్లు రంగులు వేస్తారు?

గోదారిగట్టు

స్లాబు గారూ, డిజైన్ లోపాల గురించి మీరు చెప్పింది నిజమే. కానీ ఆ లోపాల మధ్య ఎవరు బతికారో మీరు చెప్పలేదు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. బైల్మర్‌లో అద్దెకున్నవాణ్ణి, పక్కింటివాళ్ల నోట విన్నవాణ్ణి.

ఆ ఫ్లాట్లు కట్టింది డచ్ మధ్యతరగతి కుటుంబాల కోసం. వాళ్లకి పెరడున్న ఇల్లు కావాలి. అవి చుట్టుపక్కల ఊళ్లయిన పుర్మెరెండ్‌లో, తర్వాత ఆల్మేరెలో దొరికాయి. పైగా బైల్మర్‌లో అద్దెలు ఎక్కువ. కాబట్టి ఖాళీ అన్నది మొదటి నుంచీ ఉంది, వలస వచ్చినవాళ్లు తెచ్చింది కాదు. అదే సమయంలో, సురినామ్‌కి స్వాతంత్ర్యం రాబోతోందనగానే (అది 1975 నవంబరు 25న వచ్చింది), డచ్ పాస్‌పోర్టు పోకముందే రావాలని వేలమంది విమానాలెక్కారు. అమ్‌స్టర్‌డామ్‌లో కాళ్లరిగేలా తిరిగినా వాళ్లకి ఇల్లు ఇచ్చేవాళ్లు లేరు. ఒకే బ్లాకులో సురినామ్ వాళ్లు మరీ ఎక్కువ కాకూడదని పైనుంచి పరిమితులు. ఇళ్లు ఖాళీ, మనుషులు రోడ్డు మీద. 1974లో గ్లిప్‌హూవె అనే బ్లాకులో సురినామ్ కుటుంబాలు ఖాళీ ఫ్లాట్ల తాళాలు పగలగొట్టి కాపురం పెట్టాయి. దాన్ని ఆక్రమణ అని రాస్తారు. అక్కడివాళ్లకి అది ఇంటి హక్కు కోసం పోరాటం.

ఆ తర్వాత ఆ ఊరికి రూపం ఇచ్చింది వాళ్లే. క్వాకూ అనే వేసవి పండగ ఇప్పుడు దేశమంతా తెలుసు. 1975లో అది కుర్రాళ్ల ఫుట్‌బాల్ పోటీ. ఆడేవాళ్ల కోసం అమ్మలు ఇంటి నుంచి వంట తెచ్చారు, అది తిండి స్టాళ్లయింది, పాటలొచ్చాయి. ఘనా వాళ్లకి ప్రార్థనకి చోటు లేకపోతే ఆ ఎత్తు రోడ్ల పక్కనున్న బహుళ అంతస్తుల పార్కింగుల్లో చర్చిలు పెట్టుకున్నారు. కార్లు నిలపని కాంక్రీటు గదుల్లో ఆదివారం డ్రమ్ములు, కీబోర్డు, ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో పిల్లలు. పార్కింగులు కూల్చినప్పుడు ఆ చర్చిలకీ చోటు పోయింది. కాండెలార్ అని అనేక సంఘాలు పంచుకునే భవనం ఒకటి తర్వాత కట్టారు, కానీ అందరికీ అందులో చోటెక్కడిది?

ఇక 1992 అక్టోబరు 4. ఆదివారం సాయంత్రం ఆరున్నర దాటాక ఇజ్రాయెల్ సరుకు విమానం ఒకటి, ఇంజన్లు ఊడిపోయి, గ్రూనెఫేన్, క్లైన్ క్రౌట్‌బెర్గ్ బ్లాకులు కలిసే మూల మీద పడింది. అధికారిక లెక్క 43 మంది, వాళ్లలో నలుగురు విమానంలో ఉన్నవాళ్లు. మొదట్లో రెండొందలకి పైనే అనుకున్నారు. ఎందుకు అంత తేడా? ఏ ఫ్లాట్లో ఎవరుంటున్నారో కాగితాల మీద లేదు. కాగితాల్లేనివాళ్లు, ఒకరి పేరు మీద అద్దెకుండే ఇంకొకరు. ఆ లెక్క మీద అక్కడి పెద్దవాళ్లకి ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. ఆ మంటల్ని తట్టుకుని ఒక చెట్టు నిలిచింది. "అంతా చూసిన చెట్టు" అంటారు. దాని చుట్టూ నేల మీద పరిచిన మొజాయిక్ పలకలు బతికి బయటపడ్డవాళ్లు, పక్కవాళ్లు చేతులతో చేసినవి.

అప్పటికే మొదలైన కూల్చివేత ఆలోచనకి దీని తర్వాత ఊపొచ్చింది. కాబట్టి నా ప్రశ్న బిల్డింగు గురించి కాదు. ఇరవై ఏళ్లు ఎవరూ వద్దన్న చోటుని నిలబెట్టినవాళ్లని బాగుచేసే రోజున ఎవరు అడిగారు?

హేగ్ పద్మ

చిన్న మాట. సురినామ్ అనగానే మనవాళ్లు "అయితే మన ఇండియన్సే కదా" అంటారు. 1873లో లల్లా రూఖ్ ఓడతో మొదలై కలకత్తా నుంచి కూలీలుగా వెళ్లినవాళ్ల వంశం హిందుస్తానీలు. వాళ్లలో ఎక్కువమంది భోజ్‌పురి, అవధీ ప్రాంతాలవాళ్లు, తెలుగువాళ్లు కాదు. వాళ్లు మా హేగ్‌లో ఎక్కువ. బైల్మర్‌లో ఎక్కువగా ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి. ఎవరి చరిత్ర వాళ్లకుంది, కలిపేయకండి.

స్లాబు

గోదారిగట్టు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఒకటి మర్చిపోతున్నారు. కూల్చిన బ్లాకుల్లోని కిరాయిదారులకి వేరే ఇంటికి ముందు వరసలో హక్కు ఇచ్చారు, మారే ఖర్చూ ఇచ్చారు. చాలామంది అదే ఏరియాలో కొత్తగా కట్టిన చిన్న ఇళ్లకే మారారు. అక్కడి సురినామ్ అమ్మలు కొందరు ఆ ఇల్లే కావాలన్నారు. పెరట్లో నాలుగు మొక్కలు, ముందు సొంత తలుపు. వాళ్ల కోరికని మీరు కాదంటారా?

గోదారిగట్టు

కాదనను. సొంత తలుపు అడిగిన అమ్మది న్యాయమైన కోరిక. నేనంటున్నది ఆ హక్కు ఎవరికి అందిందీ అని. అగ్రిమెంటు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకి. ఇంకొకరి పేరు మీద గదిలో ఉన్నవాడికి ఏమీ లేదు, చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడమే. 1992లో లెక్కకి అందనివాళ్లే కూల్చినప్పుడూ లెక్కకి రాలేదు. పైగా 1990ల్లో నిర్ణయాలు తీసుకునే బల్లల దగ్గర నల్లజాతివాళ్లు దాదాపు లేరు. దాని మీద వాళ్లే సంఘం కట్టి గొడవ చేస్తేగానీ చోటు రాలేదు. 2006లో ఆంటోన్ డె కోమ్ విగ్రహం పెట్టినప్పుడూ అంతే. సురినామ్ హక్కుల కోసం రాసిన మనిషి, యుద్ధకాలంలో నాజీలకి వ్యతిరేకంగా పనిచేసి 1945లో క్యాంపులో ప్రాణం వదిలిన మనిషి. ఫోటోల్లో ఎప్పుడూ సూటూ టైతో కనిపించే ఆయన్ని బట్టల్లేకుండా నిలబెట్టారు. మా డె కోమ్‌ని మళ్లీ బానిసలా చూపిస్తారా అని జనం నిరసన చేశారు.

ఇక ఇంజనీరింగు మాట. క్లైబుర్గ్ చూడండి. నాలుగొందల మీటర్ల బ్లాకు, సుమారు 500 ఫ్లాట్లు, అదీ కూల్చాల్సిందే. చివరికి ఒక బృందం ఒక్క యూరోకి తీసుకుంది. లోపల గోడలు, కిచెన్ లేకుండా ఖాళీ ఫ్లాట్లు తక్కువ ధరకి అమ్మారు, కొన్నవాళ్లే లోపల కట్టుకున్నారు. మీరు చెప్పిన నేల అంతస్తు సామాన్ల గదుల్ని పైకి మార్చారు, ఆ చోట ఇళ్లు వచ్చాయి, కిటికీలు వచ్చాయి. బ్లాకు కింద దారులు వెడల్పు చేశారు. 2017లో దానికి యూరప్ ఆర్కిటెక్చర్ అవార్డు, మీస్ ఫాన్ డెర్ రోహె పేరు మీద ఇచ్చేది, వచ్చింది. అంటే ఆ లోపాలు సరిచేయగలిగినవే. 1995లోనే ఇలా చేసి, ఆ ఖాళీ ఫ్లాట్లు అక్కడే ఉంటున్నవాళ్లకి ముందుగా ఇచ్చుంటే సరిపోయేది.

స్లాబు

క్లైబుర్గ్ ఒక్కటి నిలబడింది చుట్టుపక్కల మిగతావి కూల్చబట్టే అని నా నమ్మకం. దాని మీద మనిద్దరికీ కుదరదు.

గోదారిగట్టు

కుదరకపోయినా సరే. శ్రీను గారూ, మీకు పనికొచ్చేవి రెండు. కొనేముందు ఆ బ్లాకు ఓనర్ల సంఘం దగ్గర రిపేర్ల నిధి ఎంతుందో, నేల కౌలు షరతులేమిటో కాగితాలు అడగండి, అమ్‌స్టర్‌డామ్‌లో నేల చాలావరకు సిటీదే. రెండోది, ఏజెంటుతో కాకుండా ఒక శనివారం ఒక్కరే వెళ్లండి. ఆంటోన్ డె కోమ్ చౌక్‌లో కూరగాయల దగ్గర నిలబడి, ఇక్కడ ఎన్నేళ్లుగా ఉంటున్నారని అడగండి. మీ కొలీగులిద్దరికన్నా వాళ్లకి ఎక్కువ తెలుసు.