ఐదో సెమిస్టర్ జర్మనీలో చేస్తే, వచ్చేసరికి ఇక్కడ ఆరోది సగం అయిపోతుంది. వెళ్ళాలా వద్దా?

హన్మకొండ_ఈసీఈ:

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో బీటెక్ సెకండ్ ఇయర్, నాలుగో సెమిస్టర్ నడుస్తోంది. మా కాలేజీకి జర్మనీలో ఒక యూనివర్సిటీతో ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉంది, ఈసారి ముగ్గురిని తీసుకున్నారు, అందులో నా పేరు వచ్చింది. లిస్టు పెట్టిన రోజు క్యాంటీన్‌లో అందరికీ మిర్చి బజ్జీలు నేనే తినిపించాను. ఆ మర్నాటి నుంచి నిద్ర లేదు.

సంగతేంటంటే వాళ్ళ వింటర్ సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలవుతుంది, క్లాసులు ఫిబ్రవరి మధ్య దాకా ఉంటాయి, ఆ తర్వాత పరీక్షలు. మా ఐదో సెమిస్టర్ జులైలో మొదలై నవంబర్‌లో అయిపోతుంది, డిసెంబర్ చివర్లో ఆరోది మొదలు. అంటే జులై నుంచి సెప్టెంబర్ దాకా నేను ఇంట్లో ఖాళీ, అక్కడ పరీక్షలు రాసి వచ్చేసరికి ఇక్కడ మొదటి మిడ్ కూడా అయిపోయి ఉంటుంది. 75 శాతం అటెండెన్స్ ఎక్కడి నుంచి తేవాలి? ఆఫీసులో అడిగితే "చూద్దాంలే అమ్మా" అన్నారు. ఆ మాటకు అర్థం మనందరికీ తెలిసిందే.

ఇంకోటి పైసలు. బాపు ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దగ్గర గుమాస్తా. ట్యూషన్ ఫీజు లేదన్నారు, స్కాలర్‌షిప్ వస్తుందంటున్నారు గానీ లెటర్ ఇంకా చేతికి రాలేదు. "పోతే పో బిడ్డా, పైసల సంగతి నేను చూస్త" అన్నాడు బాపు. తెల్లారి చూస్తే టీవీ పక్కన ఒక పాత తక్‌పట్టీ (మార్కెట్‌లో సరుకు అమ్మితే ఇచ్చే చీటీ), దాని వెనక పెన్నుతో లెక్కలు, చివర్లో ఒక అంకె చుట్టూ రెండుసార్లు గీత. ఆ అంకె చూశాక నాకే వద్దనిపించింది. నాయనమ్మ అయితే నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. "లైఫ్ ఛేంజింగ్" అనే మాట ఇప్పటికే చాలా విన్నాను.

సుబేదారి_సీనియర్:

చెల్లీ, నేను ఇదే ఊళ్ళోని ఒక కాలేజీ నుంచి ఇదే వింటర్ సెమిస్టర్‌కు వెళ్ళొచ్చాను, మెకానికల్. చలి, తిండి, భాష గురించి అందరూ చెప్తారు, అవి నెలలో అలవాటవుతాయి. నన్ను ఏడిపించింది కాగితాలు. అందులోనూ జర్మనీ కాగితాలు కాదు, మనవి.

అక్కడ మార్కులు 1.0 నుంచి 5.0 దాకా వేస్తారు. 1.0 అందరికంటే బెస్ట్, 4.0 వస్తే పాస్, 5.0 అంటే ఫెయిల్. నాకు ఒక సబ్జెక్టులో 1.3 వచ్చింది, హాస్టల్లో ఎగిరి గంతేశాను. తిరిగొచ్చి మెమో ఇస్తే మా పరీక్షల సెక్షన్‌లో ఆ 1.3ని పదికి 1.3 అనుకుని ఎక్కించారు. బ్యాక్‌లాగ్ లిస్టులో నా పేరు! కౌంటర్ దగ్గర నిలబడి "సార్, అక్కడ తక్కువ వస్తేనే ఎక్కువ" అని చెప్తుంటే ఆయన కళ్ళజోడు తీసి నన్ను పైనుంచి కిందికి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. సరిదిద్దించడానికి దాదాపు మూడు నెలలు తిరిగాను. కాబట్టి వాళ్ళ గ్రేడును మన గ్రేడ్ పాయింట్‌లోకి ఎలా మారుస్తారో, ఆ పట్టిక వెళ్ళేముందే సంతకం, స్టాంపుతో తీసుకో. మెయిల్‌లో "ఓకే" అన్నది చాలదు.

లెర్నింగ్ అగ్రిమెంట్ అని ఒకటి ఉంటుంది, నువ్వు, మీ కాలేజీ, ఆ యూనివర్సిటీ ముగ్గురూ సంతకం పెట్టాలి. అక్కడ ఏ కోర్సు చదివితే ఇక్కడ ఏ కోర్సు పోయినట్టో అందులో రాసుంటుంది. వాళ్ళ లెక్కలో సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, మన క్రెడిట్లు వేరు, ఒకటికి ఒకటి కుదరదు. అక్కడికి పోయాక ఏదో ఒక కోర్సు క్లాష్ అయి మార్చుకోవాల్సి వస్తుంది, అందరికీ వస్తుంది. మార్చిన రోజే కొత్త కాగితం మీద మళ్ళీ సంతకాలు పెట్టించు.

అటెండెన్స్ సంగతి: నేను మా హెచ్ఓడీని "సార్, నేను వచ్చి జాయిన్ అయిన తేదీ నుంచి లెక్కేయండి" అని లెటర్ రాసి అడిగాను, దాని మీద ప్రిన్సిపాల్ సంతకం అయింది. ల్యాబులు మాత్రం శనివారాలు కూర్చుని పూర్తిచేశాను. ఇంకో చిట్కా, అక్కడ చాలా కోర్సులకు పరీక్ష రెండు విడతల్లో పెడతారు, ఫిబ్రవరిలో ఒకటి, మార్చి చివర్లో ఒకటి. కోర్సు ఎంచుకునేటప్పుడే పరీక్ష తేదీ చూసుకుని మొదటి విడతవే తీసుకుంటే నెల మిగులుతుంది. పరీక్షకు పోర్టల్‌లో విడిగా పేరు నమోదు చేసుకోవాలి, మర్చిపోతే హాల్లో కూర్చోనివ్వరు. ఇక్కడిలా ఎవరో వచ్చి "ఫీజు కట్టారా" అని క్లాసులో అడగరు. అటెండెన్స్ కూడా చాలా క్లాసుల్లో తీసుకోరు, ఆ స్వేచ్ఛ చూసి మొదటి నెలంతా మునిగినవాళ్ళు నాకు తెలుసు. (ఆ "వాళ్ళు" నేనే.)

మూడో_బెంచి:

నేను వెళ్ళలేదు, నాకు ఛాన్స్ వచ్చినా వదిలేశాను, కాబట్టి అవతలి పక్క కూడా విను. నేను భయపడింది ఇంటర్న్‌షిప్ గురించి. థర్డ్ ఇయర్ తర్వాత ఎండాకాలం ఇంటర్న్‌షిప్‌కు మా దగ్గర ఆగస్టు, సెప్టెంబర్‌లోనే ఇంటర్వ్యూలు అయ్యాయి. అప్పుడు నేను ఊళ్ళో ఉండననుకున్నాను. ఇప్పుడు నీ పోస్టు చదివితే తెలుస్తోంది, నువ్వు అక్టోబర్ దాకా ఇక్కడే ఖాళీగా ఉంటావు! నువ్వు బాధపడుతున్న ఆ మూడు నెలలే నీకు లాభం. నాకు ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. అసలు ప్లేస్‌మెంట్లు ఏడో సెమిస్టర్‌లో కదా, అప్పటికి ఎలాగూ ఇక్కడే ఉంటావు.

సమ్మర్ సెమిస్టర్‌కు మార్చుకుంటానని మాత్రం అనకు. అది ఏప్రిల్‌లో మొదలై క్లాసులే జులై మధ్య దాకా నడుస్తాయి, ఆ తర్వాత పరీక్షలు, సరిగ్గా ఇక్కడ ప్లేస్‌మెంట్లు మొదలయ్యే టైముకు నువ్వు అక్కడ ఇరుక్కుంటావు.

నర్సంపేట_రోడ్:

అందరూ కాగితాల గురించే మాట్లాడుతున్నారు, డబ్బు సంగతి ఎవరూ ఎత్తరేం? వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి కదా. యూరో వంద అనుకుంటే పన్నెండు లక్షలు. గుమాస్తా ఇంట్లో అంత ఎక్కడిది? ఒక్క సెమిస్టర్ కోసం అప్పు చేయడం నా దృష్టిలో శుద్ధ దండగ. గవర్నమెంట్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షలు ఇస్తుందిగా, దానికి అప్లై చేస్కో.

సుబేదారి_సీనియర్:

అన్నా, రెండూ సవరించాలి. 11,904 ఏడాదికి, అంటే నెలకు 992. ఈ అమ్మాయి ఉండేది ఆరు నెలలు, కాబట్టి 5,952, మన లెక్కలో ఆరు లక్షల దగ్గర. ఆ డబ్బు పోయేది కాదు, అక్కడికి వెళ్ళాక నెలనెలా ఆమె అకౌంట్‌లోకే వస్తుంది, తిండికీ కిరాయికీ వాడుకునేది అదే. మిగిలితే ఆమెదే. ఎరాస్మస్ (యూరోపియన్ యూనియన్ ఇచ్చే స్కాలర్‌షిప్) లాంటిది అయితే దేశాన్ని బట్టి నెలకు 800 నుంచి 900 యూరోల దాకా ఇస్తారు, ఆ లెటర్ ఉంటే వీసాకు దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. అందుకే చెల్లీ, మీ బాపును అప్పు కోసం ఇప్పుడే ఎవరి దగ్గరికీ పోనివ్వకు, ముందు ఆ లెటర్ కోసం ఇంటర్నేషనల్ ఆఫీసు గుమ్మం దగ్గర కూర్చో.

ఇక గవర్నమెంట్ ఓవర్సీస్ విద్యానిధి విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ చేసేవాళ్ళకు. బీటెక్ మధ్యలో ఒక సెమిస్టర్‌కు వర్తించదు. మా ఇంటి పక్కాయన కూడా ఇదే చెప్పి నన్ను రెండుసార్లు కలెక్టరేట్‌కు పంపించాడు.

ఖర్చుల్లో అందరూ మర్చిపోయేది హెల్త్ ఇన్సూరెన్స్, నెలకు 140 యూరోలు దాటుతుంది. హాస్టల్ గది మాకు 300 పైచిలుకు పడింది, పెద్ద ఊరైతే ఇంకా ఎక్కువ. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ ఫీజులోనే బస్, ట్రైన్ టికెట్ కలిసి ఉంటుంది, అది పెద్ద ఊరట.

సకినాల_డబ్బా:

సీరియస్ పోస్టులో దూరుతున్నందుకు సారీ, కానీ ఇది ఎవరో ఒకరు చెప్పాలి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా పెట్టుకోవద్దు. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళడం నిషేధం, మన అమ్మలకు ఈ సంగతి తెలీదు. మా అన్నయ్య బ్యాగులోంచి రెండు కిలోల నెయ్యి తీసి కళ్ళముందే పారేశారు. మా అమ్మ పోయిన నెయ్యి గురించి ఏడ్చినంతగా కొడుకు పోతున్నప్పుడు కూడా ఏడవలేదు. సకినాలు బాగా నిలుస్తాయి, బియ్యప్పిండి, నువ్వులు, వాము, అంతేగా. సర్వపిండికి సన్నగా తరిగిన కరివేపాకు ఎండబెట్టి పట్టుకెళ్ళు, పిండి అక్కడ దొరుకుతుంది. చపాటా మిర్చి కారం మాత్రం ఇక్కడి నుంచే. కారం తక్కువ, రంగు ఎక్కువ, పక్క గదిలో వాళ్ళకు పెట్టినా బతుకుతారు.

పరకాల_తండ్రి:

అమ్మా, నేను విద్యార్థిని కాదు, మా అమ్మాయి పంపిన లింకు చూసి రాస్తున్నాను. తను రెండేళ్ళ కింద అక్కడే ఒక సెమిస్టర్ చదివింది. నీ తక్‌పట్టీ సంగతి చదివాక ఊరుకోలేకపోయాను. నేను కూడా అలాగే కరెంటు బిల్లు వెనక లెక్కేశాను. ఆ గీత చూసి నువ్వు మనసు మార్చుకున్నావని తెలిస్తే మీ బాపు ఎక్కువ బాధపడతాడు. ఆయనతో కూర్చుని ఆ లెక్క ఇద్దరూ కలిసి వేయండి. మా అమ్మాయి అలా కూర్చున్నాకే తెలిసింది, నేను విమానం టికెట్ రెండుసార్లు వేశానని.

ఫోన్ల విషయం ఒకటి. మనకూ వాళ్ళకూ నాలుగున్నర గంటలు తేడా, అక్టోబర్ చివరి ఆదివారం దాకా మూడున్నరే ఉంటుంది, ఆ రోజు వాళ్ళు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. నాకది తెలీక ఆ సోమవారం ఎప్పటిలాగే పొద్దున పదింటికి ఫోన్ చేశాను, అక్కడ ఇంకా ఐదున్నర. మా అమ్మాయి ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని భయపడిపోయింది. ఒక టైం అనుకోండి, అది దాటితే చేయకూడదని ముందే ఒప్పందం పెట్టుకోండి.

హన్మకొండ_ఈసీఈ:

అందరికీ థాంక్స్, ముఖ్యంగా పరకాల అంకుల్‌కి. నిన్న రాత్రి బాపుతో కూర్చున్నాను. ఆయన కూడా నర్సంపేట అన్నలాగే పన్నెండు లక్షలు అనుకున్నాడు. ఆరు అనగానే మంచినీళ్ళు తాగి ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత "మరి మొన్ననే చెప్పొద్దా" అని నామీదే అరిచాడు.

ఇవాళ హెచ్ఓడీ సార్‌ను కలిశాను. జాయిన్ అయిన తేదీ నుంచి అటెండెన్స్ అన్నదానికి లెటర్ రాసిమ్మన్నారు, ల్యాబులు మాత్రం వదలనన్నారు. గ్రేడ్ల పట్టిక అడిగితే "ఇది ఇప్పటిదాకా ఎవరూ అడగలేదే" అన్నారు, సీనియర్ అన్నయ్య 1.3 కథ చెప్తే నవ్వి పీఏని పిలిచారు. స్కాలర్‌షిప్ లెటర్ ఇంకా రాలేదు, అది వస్తేనే వీసా స్లాట్ తీసుకుంటాను. రాకపోతే వెళ్ళను, ఇది మాత్రం బాపుకు చెప్పేశాను.

నాయనమ్మ మాట్లాడింది. "అక్కడ తంగేడు పూస్తదా?" అని అడిగింది. అక్టోబర్‌లో వెళ్తే బతుకమ్మకు నేను ఇక్కడ ఉండనని అప్పుడు గుర్తొచ్చింది. ఏం చెప్పాలో తెలియలేదు. అన్నా, మీరు అక్కడ ఏం పువ్వులతో పేర్చేవారు?

సుబేదారి_సీనియర్:

తంగేడు లేదు, గునుగు లేదు. మా హాస్టల్లో కరీంనగర్ అక్క ఒకామె ఉండేది, పేర్చిందంతా ఆమే, మేం పువ్వులు మోసే కూలీలం. అక్టోబర్‌లో ప్రతి సూపర్ మార్కెట్ బయటా చామంతి కుండీలు వరసగా పెట్టి అమ్ముతారు, చవక. నాలుగు కుండీలు కొని, పువ్వులన్నీ తుంచి, స్టీల్ ప్లేట్‌లో పేర్చాం. కిచెన్‌లోకి వచ్చిన జర్మన్ అబ్బాయి అది చూసి గొంతు తగ్గించి "ఎవరు పోయారు?" అని అడిగాడు. వాళ్ళకు చామంతి సమాధుల మీద పెట్టే పువ్వట, నవంబర్ ఒకటికి అందరూ కొనేది అందుకేనట. అక్క అతన్ని కూర్చోబెట్టి ఒక సకినం చేతిలో పెట్టింది, తర్వాత చప్పట్లు కొట్టడం నేర్పింది. మీ నాయనమ్మకు ఎవరు పోయారన్న ముక్క మాత్రం చెప్పకు.