పాత కరెంటు కారు ఇచ్చేసి పెద్ద బ్యాటరీది తీసుకోవచ్చా?

అంబాజీపేట కొబ్బరితోట:
నమస్కారమండి. మాది 2020లో కొన్న కరెంటు కారు, 30 యూనిట్ల బ్యాటరీ. కొత్తలో ఏసీ వేసుకుని ఎనభైలో వెళ్తే 200 కిలోమీటర్లు వచ్చేది. ఇప్పుడు 160 దగ్గర ఆగిపోతోంది. అమలాపురం, రావులపాలెం, రాజమండ్రి తిరుగుళ్ళకి మాత్రం వంక పెట్టలేను. రాత్రి పెరట్లో ప్లగ్గు పెట్టడం, పొద్దున్నే తియ్యడం, అంతే.

ఇబ్బందల్లా విశాఖతోనే. నాన్నగారికి 78 ఏళ్ళు, రెండు నెలలకోసారి అక్కడ చూపించాలి. కాకినాడ, కత్తిపూడి మీదుగా దాదాపు 220 కిలోమీటర్లు, మధ్యలో ఛార్జింగ్ తప్పదు. మొన్న తిరిగొచ్చేటప్పుడు ఒక ఛార్జర్ యాప్‌లో పనిచేస్తున్నట్టే ఉంది, తీరా వెళ్తే స్క్రీన్ నల్లగా ఉంది. ఇంకోచోటికి వెళ్తే మా ముందు రెండు కార్లు. పైగా మా కారు 25 కిలోవాట్లకి మించి తీసుకోదు, ఎంత పెద్ద ఛార్జరైనా నెమ్మదిగానే ఎక్కుతుంది. రాత్రి పదకొండింటికి నాన్నగారు వెనక సీట్లో ముడుచుకుని పడుకుని, "ఇంకెంతసేపురా" అని అడుగుతుంటే ప్రాణం ఉసూరుమందండి.

45 యూనిట్ల టాటా నెక్సాన్ కరెంటు కారు చూశాను. కంపెనీ 489 కిలోమీటర్లు అంటోంది, నేను 300 అనుకుంటున్నాను. పాతదానికి నాలుగున్నర లక్షలు ఇస్తామన్నారు. పైన 11 లక్షలు పడుతుంది. పెట్టొచ్చంటారా?

తణుకు మాస్టారు:
వద్దండి. ఒక్కసారి లెక్క వేసుకోండి. 11 లక్షలకి ఏడు శాతం వడ్డీ వేసినా ఏడాదికి 77 వేలు. విశాఖకి ట్యాక్సీ పోనూ రానూ తొమ్మిది వేలనుకుంటే ఆరుసార్లకి 54 వేలు. నాన్నగారు హాయిగా పడుకుని వస్తారు, మీకు డ్రైవింగ్ బడలిక ఉండదు. మిగతా రోజుల్లో ఆ పెద్ద బ్యాటరీ బరువు ఊరికే మోసుకు తిరగడమేగా?

ఇంకోటి. మీది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ అయితే 160 అన్నది నిజమైన తరుగుదల కాకపోవచ్చు. ఆ సెల్లుల్లో సగం ఛార్జీ ఉన్నా పావు ఉన్నా వోల్టేజీలో పెద్ద తేడా ఉండదు, అందుకని ఎంత మిగిలిందో కారు తప్పుగా అంచనా వేస్తుంది. నాలుగైదుసార్లు ఇంటి ప్లగ్గు మీద నెమ్మదిగా నూటికి నూరు ఎక్కించి చూడండి. అప్పటికీ పెరగకపోతే సర్వీసు సెంటర్లో బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో కాగితం మీద రాయించుకోండి. చాలా కార్లకి బ్యాటరీ వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు. ఆ హక్కు చేతిలో ఉండగా నాలుగున్నర లక్షలకి వదులుకుంటారా?

భీమవరం చెరువుగట్టు:
మాస్టారూ, వడ్డీ లెక్క సరే. అర్ధరాత్రి నాన్నగారికి ఆయాసం వస్తే ట్యాక్సీ ఎప్పుడొస్తుంది? నేను రెండేళ్ళ కిందట మార్చాను, విజయవాడ వెళ్ళి మధ్యలో ఎక్కడా ఆగకుండా ఇంటికొస్తున్నాను. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో జనం బళ్ళన్నీ ఏటిగట్టు మీద పెట్టుకున్నారు. కరెంటు లేని రోజుల్లో బ్యాటరీ నిండుగా ఉంటే ఎంత ధైర్యమో చెప్పలేను.

కాకపోతే కొబ్బరితోట గారూ, ఒకటి ముందే చూసుకోండి. మీ 15 ఆంపియర్ల ప్లగ్గు మీద 45 యూనిట్లు ఎక్కాలంటే పద్నాలుగు గంటలు పైనే పడుతుంది. గోడకి 7.2 కిలోవాట్ల ఛార్జింగ్ బాక్సు పెట్టుకుంటే ఏడు గంటల్లోపే అయిపోతుంది గానీ దానికి 32 ఆంపియర్ల లైను, మంచి ఎర్తింగు కావాలి, లోడ్ పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టాలి. మా వైపు రాత్రిళ్ళు చెరువుల్లో ఏరేటర్లు (నీళ్ళలోకి గాలి ఎక్కించే మోటార్లు) తిరుగుతుంటే వోల్టేజీ పడిపోయి బాక్సు ఆగిపోయేది. లైను సరిచేయించుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

తణుకు మాస్టారు:
గట్టు మీదకి చేర్చడానికి ఐదు కిలోమీటర్లు చాలండి, దానికి పాత బ్యాటరీ ఎక్కువే. అర్ధరాత్రి ఆయాసం వస్తే 108కి ఫోన్ చెయ్యాలి గానీ విశాఖ దాకా కారు తోలుకుంటూ పోకూడదు. అసలు తప్పు ఛార్జర్లు నడిపేవాళ్ళది. చెడిపోయినదాన్ని యాప్‌లో బాగున్నట్టు చూపించడం అన్యాయం. ఆ తప్పుకి ఈయన 11 లక్షలు ఎందుకు కట్టాలి?

అంబాజీపేట కొబ్బరితోట:
ఇద్దరికీ ధన్యవాదాలండి. మాస్టారూ, మీరన్నది న్యాయమే. కానీ వాళ్ళు బాగుచేసేదాకా నాన్నగారి వయసు ఆగదు కదండీ. ట్యాక్సీ అంటే ఆయన ఒప్పుకోరు. దారిలో పదిసార్లు దిగాల్సి వస్తుంది, పరాయి డ్రైవర్ని ఆపమనడానికి మొహమాటం. కిందటిసారి ఆ మొహమాటంతోనే దారంతా మంచినీళ్ళు తాగలేదు.

ఈ వారమంతా నూరు శాతం ఎక్కించి చూస్తాను, బ్యాటరీ కాగితం కూడా తీసుకుంటాను. వారంటీలో తేలేదేదైనా ఉంటే తేల్చుకున్నాకే అమ్మకం మాట. లోడ్ దరఖాస్తు మాత్రం రేపే పెట్టేస్తాను, ఏ కారున్నా అది పనికొస్తుంది. చెరువుగట్టు గారూ, మీ బాక్సుకి ఎంత మందం వైరు వేయించారు?

భీమవరం చెరువుగట్టు:
పది ఎంఎం రాగి వైరండి. ఎలక్ట్రీషియన్ ఆరు చాలన్నాడు గానీ, మీటరు నుంచి షెడ్డుకి దూరం ఎక్కువని నేనే పది వేయించాను.