విశ్వవిద్యాలయానికి శాశ్వత నిధి: తోట రాసి ఇవ్వాలా, సొమ్ము ఇవ్వాలా?

కోనసీమ ఆడపడుచు (అమలాపురం దగ్గర):

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి, పదవీ విరమణ చేశాక నిరుడు కాలం చేశారు. ఆయన పేరిట రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి కలకాలం నిలిచే దానం ఏదైనా చేయాలని అమ్మ సంకల్పం. ఆమె చేతిలో రెండు ఉన్నాయి. ఒకటి, నాన్నగారి పదవీ విరమణ సొమ్ములో మిగిలిన పదిహేను లక్షలు. రెండోది, పెళ్లినాడు పసుపు కుంకుమల కింద మా తాతగారు ఆమెకు రాసి ఇచ్చిన ఎనభై సెంట్ల కొబ్బరి తోట. తోటను యథాతథంగా విశ్వవిద్యాలయం పేర రాసి ఇస్తే భూమి ఎప్పటికీ ఉంటుంది కదా అని అమ్మ ఆలోచన. తెలుగు ఎం.ఏ.లో మొదటి స్థానంలో నిలిచినవారికి నాన్నగారి పేరిట బంగారు పతకం ఇప్పించాలని కూడా ఆమె కోరిక. అమెరికాలో ఉంటున్న అన్నయ్య తన వంతుగా కొంత కలుపుతానంటున్నాడు. సాయం మన కులం పిల్లలకే అందేలా రాయించమని బాబాయిగారు అంటున్నారు. ఇలాంటి నిధులు ఏర్పాటు చేసినవారు గానీ, వాటి వ్యవహారాలు చూసినవారు గానీ దారి చూపితే మా కుటుంబమంతా ఋణపడి ఉంటాం.

విశ్రాంత సెక్షన్ అధికారి, రాజమహేంద్రవరం:

అమ్మా, మీ తల్లిగారి సంకల్పానికి ముందుగా నమస్కారం. ఒక విశ్వవిద్యాలయపు ఆర్థిక విభాగంలో చాలాకాలం ధర్మనిధుల దస్త్రాలు చూసిన అనుభవంతో చెబుతున్నాను: తోటను తోటగా ఇవ్వకండి.

ఆ తోట మీ చేతిలో ఉన్నంతకాలమే తోట. రెండు నెలలకోసారి దింపు తీయించాలి, కాయ లెక్క చూసుకోవాలి, బోదెలు బాగు చేయించాలి, కొమ్ము పురుగు మొవ్వును తొలిచేయక ముందే కనిపెట్టాలి. రిజిస్ట్రారు కార్యాలయంలో ఈ పని చేసే ఉద్యోగి ఎవరూ ఉండరు. అందుకని కౌలుకు ఇస్తారు. ఒకసారి కుదిరిన కౌలు ఏళ్ల తరబడి మారదు, సరిహద్దు తగాదా వస్తే న్యాయస్థానానికి తిరిగేవారుండరు, చివరికి ఆ భూమి నుంచి విద్యార్థికి అందేది నామమాత్రంగా మిగులుతుంది. రాసి ఇచ్చి తీరాలనుకుంటే మాత్రం మాట మీదో, మామూలు కాగితం మీదో చెల్లదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం స్థిరాస్తి దానానికి ఇద్దరు సాక్షులతో దానపత్రం రిజిస్టరు కావాలి, దాత జీవించి ఉండగానే గ్రహీత దాన్ని స్వీకరించాలి. విశ్వవిద్యాలయం తరఫున స్వీకరించవలసింది పాలక మండలి. అందుచేత దస్తావేజు రాయించడానికి ముందే మండలి సమ్మతి లిఖితపూర్వకంగా తీసుకోవాలి.

నా సలహా, తోటను మీరే అమ్మి, సొమ్మును మూలధనంగా, అంటే అసలు కదపకుండా వడ్డీని మాత్రమే వాడే నిధిగా ఇవ్వండి. పసుపు కుంకుమల కింద వచ్చిన భూమి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వల్ల మామూలుగా మీ తల్లిగారి సంపూర్ణ ఆస్తే కనుక ఆమె సంతకం చాలు. అయినా పిల్లలందరూ సాక్షి సంతకాలు చేస్తే రేపు ఎవరికీ మాట ఉండదు.

ఇక పతకం గురించి. మీ తల్లిగారి మనసు నొప్పించాలని కాదు గానీ, ఈ విషయం ఆమె తెలుసుకోవాలి. ఒకప్పుడు ఇరవై వేలు కట్టి బంగారు పతకం పెట్టినవారున్నారు. ఏడు శాతం చొప్పున దాని మీద వచ్చే పద్నాలుగు వందలకు ఇవాళ గ్రాము బంగారం కూడా రాదు. అందుకే చాలాచోట్ల పతకం మీద బంగారు పూత మాత్రమే మిగిలింది. వడ్డీ మొత్తం ఏటికేడాది ఖర్చు చేస్తే ఏ నిధికైనా ఇదే గతి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. సైన్సు కళాశాల ఆయన పేరుతోనే వెలసింది. ఆనాడు ఒక కళాశాలను నిలబెట్టిన ఆ లక్ష, అంకె మారకుండా ఉంటే ఇవాళ ఒకరిద్దరు పరిశోధకుల ప్రయోగశాల ఖర్చుకు కూడా చాలదు.

కాబట్టి ఒప్పంద పత్రంలో ఈ అర్థం వచ్చే వాక్యం తప్పక ఉండాలి: "ఈ మొత్తాన్ని విడి ఖాతాలో మూలధనంగా ఉంచి, ఏటా వచ్చే వడ్డీలో అయిదో వంతును తిరిగి మూలధనానికి చేర్చి, తక్కినదాన్ని మాత్రమే విద్యార్థి వేతనంగా ఇవ్వవలెను, ఏ ఏడాదైనా ఖర్చు కాని సొమ్ము కూడా మూలధనంలోనే కలియవలెను." మీ పదిహేను లక్షల మీద ఆరున్నర శాతం వడ్డీ వస్తే ఏడాదికి 97,500 రూపాయలు. అందులో 19,500 వెనక్కి వేస్తే 78,000 మిగులుతుంది, అంటే ఇద్దరు పిల్లలకు తలా 39,000. తోట సొమ్ము కూడా కలిస్తే ఆ సంఖ్య పెరుగుతుంది.

అర్హతలను మరీ ఇరుకుగా రాయకండి. ఫలానా మండలంలో పుట్టి, ఫలానా కోర్సులో, ఇన్ని మార్కులు వచ్చి ఉండాలని బిగించిన నిధులకు అర్హులే దొరక్క సొమ్ము ఖాతాలో నిద్రపోయిన దస్త్రాలు నేను చూశాను. తెలుగు ఎం.ఏ.లో చేరేవారు లేని ఏడాది ఆ సాయం ఎవరికి ఇవ్వాలో, ఒకవేళ కోర్సే ఎత్తివేస్తే దానికి దగ్గరగా ఉన్న ఏ చదువుకు మళ్లించాలో మీరే రాసి పెట్టండి. మీరు రాయకపోతే ఆ నిర్ణయం కోసం రేపు ఎవరో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద న్యాయస్థానానికి వెళ్లవలసి వస్తుంది.

పన్నుల సలహాదారు, భీమవరం:

పై పెద్దాయన చెప్పినదానికి పన్నుల వైపు నుంచి నాలుగు మాటలు చేరుస్తాను. విరాళం ఇచ్చినవారికి ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షన్ కింద దొరికే రాయితీ సొమ్ముకే గానీ వస్తురూపంలో ఇచ్చిన దానానికి వర్తించదు. నగదుగా అయితే రెండు వేల రూపాయలకు మించి లెక్కలోకి రాదు. కనుక చెక్కు ద్వారానో, బ్యాంకు బదిలీ ద్వారానో, రిజిస్ట్రారు హోదాలో ఉన్న ఖాతాకు మాత్రమే పంపండి. ఏ ఆచార్యుడి సొంత ఖాతాకూ, ఎంత మంచివారైనా సరే, పంపవద్దు. కవరింగ్ లేఖలో ఇది మూలధనానికి ఇస్తున్న విరాళమని స్పష్టంగా రాయండి. ఆ ముక్క లేకపోతే మామూలు విరాళం కింద జమ చేసుకొని ఆ ఏడాదే ఖర్చు పెట్టే వీలుంటుంది. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఈ రాయితీ లేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి చట్టం అమలు కనుక అందులో సెక్షన్ సంఖ్య వేరు, కాబట్టి రసీదు మీద సంఖ్య వేరుగా కనిపిస్తే కంగారు పడకండి.

తోట అమ్మకం విషయంలో మీకు అనుకూలమైన అంశం ఒకటుంది. పట్టణ పరిధికి చట్టం చెప్పిన దూరం బయట ఉన్న సాగుభూమిని మూలధన ఆస్తిగా లెక్కించరు, కనుక లాభంపై పన్ను ఉండదు. ఆ దూరం పట్టణ జనాభాను బట్టి రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్లుగా ఉంటుంది. మీ తోట అమలాపురం పురపాలక హద్దు నుంచి ఎంత దూరమో ముందు కొలిపించండి.

మీ అన్నగారికి ఇప్పటికీ భారతీయ పాస్‌పోర్టు ఉంటే, తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకొని ఉంటే మాత్రం, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అది విదేశీ విరాళమే. అప్పుడు 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద తమకు అనుమతి గానీ మినహాయింపు గానీ ఉన్నదని విశ్వవిద్యాలయం రాసి ఇచ్చాకే ఆయన డబ్బు పంపాలి.

బాబాయిగారి సూచన మాత్రం పాటించవద్దని నా మనవి. ఒక మతానికో, కులానికో పరిమితమైన సంస్థలకూ నిధులకూ 80జి గుర్తింపు ఉండదు; షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, స్త్రీలు, పిల్లల కోసం ఉద్దేశించినవాటికే అందులో మినహాయింపు. ఆ సంగతి అలా ఉంచినా, తెలుగు పండితుడి పేరిట ఇచ్చే సాయానికి చదువే అర్హత కావడం బాగుంటుంది.

పూర్వ విద్యార్థి, కాకినాడ:

నేను ఇటువంటి ఒక నిధి సాయంతోనే పీజీ పూర్తి చేశాను. మా కాకినాడలో నన్నయ విశ్వవిద్యాలయపు ప్రాంగణం పేరులోని ఎం.ఎస్.ఎన్. అంటే మల్లాడి సత్యలింగం నాయకర్ గారు. కోరంగి వైపు నుంచి రంగూను వెళ్లి వ్యాపారంలో గడించి, ఆ ఆస్తిని వీలునామా ద్వారా విద్యకూ ధర్మకార్యాలకూ వదిలి వెళ్లిన మహానుభావుడాయన. ఒక వీలునామా ఇన్ని తరాల పిల్లల పుస్తకాల్లోకి, భోజనంలోకి వస్తుందని ఇక్కడ చదివినవారికి తెలుసు.

మీరు ఇచ్చేది ఎంత అన్నదానితో పాటు, ఎప్పుడు ఇస్తారన్నదీ రాయించండి. నా సాయం ఏడాది చివర, మార్చిలో వచ్చేది. ఆలోపు మెస్ బకాయి పేరుకుపోయి, హాల్ టికెట్ కోసం ఊళ్లో అప్పు చేయవలసి వచ్చింది. విద్యార్థి కోర్సులో చేరిన నెలలోపు సగం మొత్తం, మిగతా సగం రెండో సెమిస్టరు మొదట్లో నేరుగా విద్యార్థి ఖాతాకు వేయాలని ఒప్పందంలో ఉంటే ఆ పిల్లకో పిల్లవాడికో ఆ గండం ఉండదు. మొదటి ఏడాది వచ్చినవారికి, హాజరు సరిగా ఉంటే, రెండో ఏడాది కూడా దానంతటదే కొనసాగాలని రాయించండి. మధ్యలో ఆగిన సాయం వల్ల చదువు మానేసినవారిని చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కోనసీమ ఆడపడుచు:

అందరికీ కృతజ్ఞతలు. అమ్మకు ఇవన్నీ చదివి వినిపించాను. తోట అమ్మడానికి మొదట ఆమె మనసు ఒప్పలేదు, తాతగారు నాటించిన చెట్లు కదా. పతకం లెక్క విన్నాక మాత్రం తనే ఒక మాట అంది: మొదటి స్థానం వచ్చినవాడికి పతకం కంటే, కడుపు నింపుకోలేక చదువు మానేసేవాడికి భోజనం ముందని. అందువల్ల పదిహేను లక్షలతో ఇప్పుడే విద్యార్థి వేతనం ఏర్పాటు చేసి, తోట సంగతి కొలతలు తేలాక చూడాలనుకున్నాం. అన్నయ్యకు భారతీయ పాస్‌పోర్టే ఉంది. మొదట నిధి పెట్టాక తర్వాత అదే ఖాతాకు కలుపుకుంటూ పోవచ్చా, లేక ప్రతిసారీ కొత్త ఒప్పందం కావాలా?

విశ్రాంత సెక్షన్ అధికారి, రాజమహేంద్రవరం:

కొత్త ఒప్పందం అక్కరలేదమ్మా. "దాత గానీ, దాత కుటుంబీకులు గానీ ఇకముందు ఇచ్చే మొత్తాలు కూడా ఈ షరతులకే లోబడి ఈ మూలధనంలో చేరును" అన్న వాక్యం మొదటి పత్రంలోనే వేయించండి. పాలక మండలి తీర్మానం ప్రతి, దాని సంఖ్యతో సహా మీ దగ్గర ఉంచుకోండి. ప్రతి ఏడాది మూలధనం ఎంత, వడ్డీ ఎంత, ఎవరికి ఎంత ఇచ్చారో చూపే లెక్క జూన్ లోపు మీకు పంపాలని కూడా అందులోనే రాయించి, అది రాని ఏడాది మీరే వెళ్లి అడగండి.