ఎంఆర్ఐ తీయకుండా గడ్డ కరిగించే మందు ఇవ్వొచ్చా?

శేషు:
స్ట్రోక్ వచ్చిన మనిషికి సీటీ తీసి, రక్తస్రావం లేదనగానే గడ్డ కరిగించే మందు ఆల్టెప్లేజ్ ఎక్కించేస్తున్నారు. పాత మైక్రోబ్లీడ్స్, అంటే మెదడులో ఎప్పుడో జరిగిన చిన్నచిన్న రక్తస్రావాల గుర్తులు, సీటీలో కనపడవు, నల్లచుక్కల్లా కనపడాలంటే ఎంఆర్ఐ కావాలి. మా నాన్నకి అలాగే ఇచ్చారు. ఆ రాత్రే మెదడులో బ్లీడింగ్. తర్వాత తీసిన ఎంఆర్ఐలో రెండో వైపు కూడా నల్లచుక్కలే. ముందే ఎంఆర్ఐ తప్పనిసరి చేయాలి. కాదంటే కారణం చెప్పండి.

న్యూరోవార్డు:
కారణం టైమ్. మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాల్సిన మందు, ఎంత ముందిస్తే అంత మేలు. 1995లో ఈ మందు మీద వచ్చిన అమెరికా ట్రయల్ ఎన్‌ఐఎన్‌డీఎస్‌లో మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతం మందికి పరిస్థితి విషమించేలా బ్లీడింగ్ అయింది, తీసుకోనివాళ్లలో 0.6. అయినా మూడు నెలలకు దాదాపు వైకల్యం లేకుండా తిరిగినవాళ్లు 39 శాతం, మందు లేనివాళ్లలో 26. మరణాలు పెరగలేదు. మైక్రోబ్లీడ్స్ వెతకడానికని మందుకు ముందు అందరికీ ఎంఆర్ఐ వద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాలే చెప్పాయి. పది దాకా ఉన్నాయని తెలిసినా ఇవ్వొచ్చన్నాయి.

శేషు:
పదకొండు ఉంటే?

న్యూరోవార్డు:
పది దాటితే రిస్క్ ఎక్కువ, లాభం ఎంతో తేలలేదు. బాగా మేలు జరుగుతుందనిపిస్తే అప్పుడూ ఇవ్వొచ్చు.

శేషు:
తేడా ఉందని మీరే అంటున్నారు. లెక్కపెట్టకుండా ఎలా తెలుస్తుంది?

పద్మజ:
మా అమ్మ ఆ ఇంజెక్షన్ తర్వాతే మళ్లీ మాట్లాడింది. ఆగి ఉంటే ఏమయ్యేదో అనుకుంటేనే టెన్షన్.

స్కాన్‌రూమ్:
శేషు గారూ, ఆ పది మీద అంత పట్టు వద్దు. పాత ఎంఆర్ఐ పద్ధతి గ్రేడియంట్ ఎకోలో కనపడని చుక్కలు ఇంకా సున్నితమైన ఎస్‌డబ్ల్యూఐ పద్ధతిలో కనపడతాయి, మెషీన్ మారితే లెక్కే మారుతుంది. ఎక్కడున్నాయన్నదీ చూడాలి: లోబ్స్‌లో, అంటే మెదడు పైభాగాల్లో మాత్రమే ఉంటే అమిలాయిడ్ (రక్తనాళాల గోడల్లో పేరుకునే ప్రోటీన్) అనుమానం, లోపలి భాగాల్లో అయితే ఎక్కువగా బీపీ. అసలు బ్లీడింగ్ భయాన్ని పెంచే గుర్తులు సీటీలోనూ ఉన్నాయి. అప్పటికే ఎంత మెదడు దెబ్బతింది, వైట్ మ్యాటర్ (మెదడు లోపలి నరాల తీగల భాగం) ఎంత పాడైంది అన్నవి. వాటి గురించి ఎవరూ అడగరు.

శేషు:
అడగడానికి మాకు తెలియనిచ్చారా? కాగితం చేతిలో పెట్టి "త్వరగా సంతకం పెట్టండి" అన్నారు. బ్లీడింగ్ కావొచ్చన్న మాట నాన్న స్పృహ తప్పాక విన్నాను. మీ శాతాలు మీ దగ్గరే ఉంచుకోండి.

న్యూరోవార్డు:
అది ఎంఆర్ఐ గొడవ కాదు కదండీ, చెప్పకపోవడం గొడవ. చెప్పి తీరాల్సిందే. రోగి మాట్లాడలేక, ఇంటివాళ్లు ఎవరూ లేకపోతే సంతకం కోసం ఆగం. మీరు ఎదురుగా ఉన్నారు. "వందలో ఆరుగురికి దాకా బ్లీడింగ్ కావొచ్చు, అయినా ఇవ్వడమే మేలని మా అభిప్రాయం" అనడానికి నిమిషం పట్టదు.

శేషు:
ఆ నిమిషం ఇచ్చి ఉంటే సంతకం పెట్టేవాడినే. తెలిసి పెట్టేవాడిని.

న్యూరోవార్డు:
మరి ఎంఆర్ఐ తప్పనిసరి చేయాలన్న మీ మాట వదిలేస్తారా?

శేషు:
వదలను.