నాన్నగారి సీకో వాచీ: సెకన్ల ముల్లు కదలట్లేదు, మిషను పోయినట్టేనా?

లంకగట్టు:
నమస్కారమండి. మాది రాజోలు దగ్గర. నాన్నగారు 1978లో కువైట్ నుంచి మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు చేతికి పెట్టుకొచ్చిన సీకో ఇది. పసుపు డయల్, చుట్టూ ఎరుపూ నీలం. వెనక మూత మీద మోడల్ నంబరు 6139-6002, వాటర్ రెసిస్టెంట్ అని ఉంది. వారం అరబిక్‌లో కూడా పడుతుంది. ఆయన పోయాక బీరువాలోనే ఉండిపోయింది. మొన్న చేతికి కట్టి నాలుగడుగులు వేశానో లేదో టైము నడవడం మొదలైంది. పెద్ద సెకన్ల ముల్లు మాత్రం 12 దగ్గరే ఉంది. క్రౌన్ (పక్కనుండే మర) తిప్పితే లోపలి రింగు తిరుగుతుంది తప్ప కీ ఎక్కట్లేదు. ఒక షాపులో చూసి మిషను పోయింది, బ్యాటరీ మిషను వేసేస్తామన్నారు. మనసొప్పక తెచ్చేసుకున్నాను. బాగైతే రొయ్యల చెరువు మీదకి పెట్టుకెళ్లాలని ఉంది.

పాలకొల్లు వాచీపని:
ఇవ్వకపోవడం మంచిదైంది బాబూ. దీనికి మామూలు సెకన్ల ముల్లే లేదు. అది స్టాప్‌వాచీ ముల్లు. పై బటన్ నొక్కండి, నడుస్తుంది. మళ్లీ నొక్కితే ఆగుతుంది, కింది బటన్‌కి 12కి వచ్చేస్తుంది. కింద చిన్న గడి 30 నిమిషాల లెక్క. కీ ఇచ్చే ఏర్పాటు లేదు, చెయ్యి ఊపుకే స్ప్రింగు చుట్టుకుంటుంది. 1969 నాటి మిషను, ఆటోమేటిక్ క్రోనోగ్రాఫుల్లో (స్టాప్‌వాచీ ఉన్న వాచీల్లో) మొదటివాటిలో ఒకటి. నొక్కగానే ముల్లు ఎగిరిపడదు, జారినట్టు బయల్దేరుతుంది. చక్రం పళ్లు పక్కనుంచి వచ్చి తగలవు, ఒక బిళ్ల మీద ఇంకో బిళ్ల అంటుకుంటుంది. నలభై ఏళ్లుగా చూస్తున్నా నాకు ఆ కదలిక ముచ్చటే.

చెరువు మీదకి మాత్రం వద్దు. నీళ్లని ఆపేది స్టీలు కాదు, లోపలి రబ్బరు వాషర్లు. ఇన్నేళ్లకి అవి పెళుసైపోతాయి, లేదా తారులా అయిపోతాయి. బటన్ పక్కనుంచి ఒక్క ఉప్పునీటి చుక్క దిగితే చాలు. మిషను విప్పి శుభ్రం చేయించి, నూనె వేయించి, వాషర్లు మార్పించండి. ఆ తర్వాత కూడా తడి చేత్తో బటన్ నొక్కద్దు. డయల్‌కి రంగు వేయించద్దు.

నరసాపురం తమ్ముడు:
అన్నయ్యా, 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌కి వెళ్లిన వ్యోమగామి విలియం పోగ్ చేతికి ఉన్నది ఈ పసుపు 6139నే. 84 రోజులు అంతరిక్షంలో ఉంది. మూత మీద సీరియల్ నంబరు చూడండి, మొదటి అంకె ఏడాదిలో చివరి అంకె, రెండోది నెల.

లంకగట్టు:
7, 4. అంటే 1977 ఏప్రిల్! నిన్న సఖినేటిపల్లి రేవులో పంటు కదలగానే ఒక్కసారి నొక్కాను. నరసాపురం గట్టుకి తగిలేసరికి చిన్న ముల్లు తొమ్మిది దాటింది. పక్కనే అమ్మ చూసి, "మీ నాన్న కూడా పంటెక్కగానే ఇలాగే నొక్కేవారురా" అంది. పాలకొల్లు బాబాయ్‌గారూ, ఆదివారం మీ దగ్గరికే తెస్తానండి.